ఉప్పును కూడా నమ్మని మనిషి

తూర్పున సూర్యుడు పొడిచాడని ఎవరైనా చెబితే, పడమటి దిక్కు కూడా ఒకసారి చూసివచ్చి అప్పుడు "కావచ్చు" అనే మనిషి మా సర్వేశ్వరరావు గారు. అంత అనుమానం మనిషిని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు. "అవును" అనే మాట ఆయన నోట వినడమంటే మాఘమాసంలో మామిడిపండు తిన్నట్టే. "కావచ్చు", "చూద్దాం", "ఇంకొక్కసారి" - వీటితోనే ఆయన ఉద్యోగం, భోజనం, పలకరింపులు అన్నీ వెళ్లిపోయేవి.

ఆయన మట్టిని పరీక్షించే శాస్త్రవేత్త. నేను జగన్నాథరావుని, శృంగవరపుకోట వాణ్ని, అప్పట్లో అరకులో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని. డెబ్బై ఆరులో మా ఇద్దరినీ ఒకే కాడికి కట్టారు. ఆ కొండల్లో చాలామందికి గొంతు దగ్గర వాపు ఉండేది. కొందరికి నిమ్మకాయంత, కొందరికి బత్తాయంత. ఒంట్లో అయోడిన్ అనే పదార్థం చాలకపోతే అలా వస్తుంది. అది మట్టిలోంచి పంటలోకి, పంటలోంచి మనిషిలోకి రావాలి. కొండల మీద కురిసే వాన దాన్ని ఏనాడో కడిగి గెడ్డల్లో, అంటే కొండవాగుల్లో, కలిపేసింది. ఏ కొండ మట్టిలో అది ఎంత తక్కువుందో, ఆ కొండ మీది మనుషులకి జబ్బు ఎంత ఎక్కువుందో పక్కపక్కన పెట్టి చూడడమే ఆ పరిశోధన. ఆయన మట్టి తవ్వాలి, నేను మెడలు తడమాలి. నాకు జలగలంటే భయం, నడకంటే ఒళ్లుమంట. అయినా ఉద్యోగం కనక ఒప్పుకున్నాను.

కిరండోల్ పాసింజరు దిగుతూనే ఆయన స్టేషను బోర్డు ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

"ఇది అరకేనా?"

"బోర్డు మీద రాసి ఉంది కదండీ."

"బోర్డులకేం తెలుసయ్యా. ఒకచోటివి పీకి ఇంకోచోట పాతేస్తుంటారు."

స్టేషను మాస్టరు వచ్చి "అరకేనండి" అని చెప్పాక గానీ ఆయన అక్కణ్నించి కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి ఎవరని అడిగారు. ఫలానా అని చెప్పగానే ట్రంకు పెట్టె నా నెత్తిన పెట్టేసి ముందుకు నడిచారు. ఆ పెట్టె నిండా మట్టి పోసుకునే గాజుసీసాలు. మూతలు బిరడాలతో బిగించి, పైన లక్క కరిగించి ముద్ర వేసేవారు. దారిలో నేను కాస్త తూలితే, "అయ్యో, దెబ్బ తగిలిందా?" అన్నారు. పెట్టెని అడిగారో నన్ను అడిగారో ఇప్పటికీ తెలియదు.

మా ఇంటి పక్క గదిలోనే దిగారు. మర్నాడు పొద్దున్న పాలు పలచగా ఉన్నాయని పాలు పోసే యర్రమ్మ మీద నేను లేచాను. ఆయన నన్ను ఆపి, "గేదె ఏ వాలు మీద మేస్తోందమ్మా?" అని అడిగారు. ఆమె చూపించిన వాలుకి వెళ్లి గడ్డి కోసుకొచ్చారు. గడ్డి కింది మట్టి తవ్వుకొచ్చారు. ఎండబెట్టారు, దంచారు, జల్లించారు. ఈ తతంగమంతా చూసి చూసి, యర్రమ్మకే జాలి పుట్టింది.

"బాబూ, నీల్లు నానే కలిపినాను. గేదెనొగ్గీండి."

"కావచ్చు" అన్నారాయన తలెత్తకుండా. "గడ్డి కూడా చూద్దాం."

మర్నాటి నుంచి పాలు చిక్కగా వచ్చాయి. ఆ గడ్డి ప్రభావమని ఆయన చాలారోజులు అనుమానించారు.

తూకపురాళ్లని వేరే రాళ్లతో తూచేవారు. వాన పడుతుంటే చెయ్యి బయటపెట్టి చూసి, రెండో చెయ్యి కూడా పెట్టేవారు. పరీక్షకి పంపే మట్టిలో సగాన్ని వేరే పేరు పెట్టి మళ్లీ పంపేవారు. ఒకే మట్టికి రెండు జవాబులొస్తే మొదట తన సీసాని చివాట్లు పెట్టేవారు. ఆ సీసాలని మా ఆవిడ రత్నాలు ఒకసారి పొరపాటున తోమిపెట్టింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఇలాంటి మనిషిని తీసుకుని నేను ముల్లిగెడ్డ వెళ్లాను. డుంబ్రిగుడ దాటి కొండెక్కితే వచ్చే చిన్న పల్లె. అక్కడి పెద్ద సుక్రు. ఆయనకీ గొంతు కింద వాపుంది, దానిమీద ఒక పూసల దండ ఉంది. మట్టి కావాలని చెప్పగానే దండ సవరించుకుని కూర్చున్నాడు.

"మట్టెందుకు బాబూ?"

"మీ ఆరోగ్యం కోసం" అన్నాను నేను.

"నా ఆరోగ్గిం నాకాడుంటే మట్టి సూత్తారేటి? మొన్నొకడు సుత్తి అట్టుకొచ్చి రాయి కొట్టినాడు. కొండలో ఏటో ఉందన్నాడు. ఇప్పుడు మీరు మట్టంటన్నారు. మట్టి నచ్చితే బూమి అట్టుకుపోతారు."

నాకు చిర్రెత్తింది. సర్వేశ్వరరావు గారు మాత్రం ఆ ముసలాయన్ని తప్పిపోయి దొరికిన అన్నగారిలా చూశారు.

"చాలా మంచి అనుమానం" అన్నారు. "నాకూ అదే వచ్చేది. పోనీ ఒక పని చేద్దాం. తీసుకెళ్లిన మట్టి చూసుకుని తిరిగి తెచ్చిచ్చేస్తాను."

నేను ఆ మాట నవ్వులాటకన్నారనుకున్నాను. కొన్ని వారాల తర్వాత నిజంగానే ఆ మట్టిని పట్టుకుని కొండెక్కారు. నా నెత్తిన పెట్టి ఎక్కించారని చెప్పడం న్యాయం. ఎవరి చేలోది వాళ్ల చేలోనే పోయించారు. సుక్రు తన వంతు మట్టిని అరచేతిలో ఎత్తి చూశాడు.

"పిడికెడు తగ్గినాది."

"పరీక్షలో ఖర్చయిపోయింది. మా ఊరి మట్టి తెచ్చి పూడ్చనా?"

"వద్దు బాబూ. అందులో ఏటుందో నాకేటి తెల్సు."

ఇద్దరూ ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. ఆ రోజు నుంచి ముల్లిగెడ్డలో ఆయన పేరు మట్టిబాబు.

ఇప్పుడు ఉప్పు సంగతి చెప్పాలి. మట్టిలో అయోడిన్ లేదని పెద్దలకి ఆ మాత్రం ముందే తెలుసు. అందుకే అయోడిన్ కలిపిన ఉప్పు సర్కారు డిపోలో చవగ్గా ఇస్తున్నారు. రెండేళ్లుగా ఇస్తున్నా మెడలు తగ్గలేదు. కొత్తగా వాపు మొదలైన పిల్లలు కూడా కనిపించారు. "ఏ ఉప్పు తింటున్నారు?" అని ఏ ఇంట అడిగినా "డిపో ఉప్పే" అనేవారు.

సుక్రు కోడలు సోములమ్మ. ఆమె మొదటి పిల్లాడు భీముడు నాలుగేళ్లవాడు. వినడు, పలకడు. తల్లి ఒంట్లో అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డకి అలా దెబ్బ తగలొచ్చని మా డాక్టరు చెప్పారు. ఇప్పుడామె మళ్లీ కడుపుతో ఉంది, తొలినెలలు. ఒకరోజు ఆమె మెడ నేను తడుముతుంటే, నన్ను వదిలేసి ఆయన్ని అడిగింది.

"మట్టిబాబూ, ఇదైనా నన్ను పిలుస్తాదా?"

ఎవరైనా "ఎందుకు పిలవదమ్మా" అంటారు. ఆయన గెడ్డం గోక్కుని, "చెప్పలేనమ్మా" అన్నారు. ఆ మొహం చూసి నాకు ఒళ్లు మండింది. కొండ దిగుతూ దారిపొడుగునా సాధించాను. ఒక చల్లని మాట చెబితే మీ సొమ్మేం పోయిందని.

ఆ నెలలోనే పై ఆఫీసరు జీపు మీద వచ్చారు. బంగళా వరండాలో మా ఇద్దరినీ నిలబెట్టి తేల్చేశారు.

"ఉప్పు బాగానే ఉంది. వీళ్లే తినడం లేదు. తింటున్నామని అబద్ధాలు చెబుతున్నారు. ఈ వానలు వెళ్లగానే ఇక్కడ డిపో ఉప్పు ఆపేసి, తినేవాళ్లుండే వేరే కొండకి పంపిద్దాం."

"నాదీ అదే అనుమానమండి" అన్నాను. పై ఆఫీసరు అనుమానంలో పాలు పంచుకోవడం ఉద్యోగానికి మంచిది.

"చూద్దాం" అన్నారు సర్వేశ్వరరావు గారు.

"ఇంకేం చూస్తారండీ?"

"ఉప్పుని."

జీపు వెళ్లిపోయాక నేను ఊరుకోలేక అడిగాను. "లోకంలో దేన్నీ నమ్మరు కదా, వీళ్లని ఎందుకు నమ్ముతారండీ?"

"అనుమానానికి ఒక వరస ఉంది జగన్నాథం" అన్నారు. "ముందు నీ సీసాని అనుమానించు. తర్వాత నీ కళ్లని. తర్వాత నీళ్లని, నిప్పుని, ఉప్పుని. మనిషిని అనుమానించడం అన్నిటికన్నా చివర. నా సర్వీసు అయిపోవస్తోంది. ఆ చివరి దాకా నేనింకా చేరలేదు."

అప్పుడు నాకు వెనక్కి చూస్తే తట్టింది. గేదెని, గడ్డిని, బోర్డుని, వానని అనుమానించిన ఈ మనిషి యర్రమ్మని అనుమానించలేదు. ఆమె ఒప్పుకున్నా అనుమానించలేదు. నాకు కొంచెం సిగ్గేసింది, కానీ పైకి "వెర్రి" అనుకుని ఊరుకున్నాను.

పరీక్ష చాలా తేలిక. గంజినీళ్లలో ఏదో మందు కలిపి ఒక చిన్న సీసాలో ఉంచుకునేవారు. అయోడిన్ ఉన్న ఉప్పు మీద దాని చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది. లేకపోతే రాదు. డిపోలో బస్తా విప్పించి చుక్క వేశారు. నీలిమందులా తిరిగింది. ఇంకో బస్తా, ఇంకో మూల, బస్తా అడుగు, అన్నీ నీలమే. డిపో గుమాస్తా గణపతిరావు ఆయన వెనకాల తిరిగి తిరిగి కాళ్లు పట్టుకుపోయి బస్తా మీదే కూలబడ్డాడు.

తర్వాత ముల్లిగెడ్డ. సోములమ్మ ఇంట్లో ఉప్పు అడ్డాకు పొట్లంలో కట్టి పొయ్యి పైన తడకకి వేలాడదీసి ఉంది. వానాకాలం ఆ కొండ మీద ఉప్పు పొయ్యి సెగ లేకపోతే నీరుకారిపోతుంది. చిటికెడు తీసి చుక్క వేశారు. రంగు రాలేదు. ఇంకొక్కసారి వేశారు. ఇంకో ఇంట్లో వేశారు. పల్లె మొత్తం తెల్లగానే ఉంది.

"చూశారా, ఇది సంతలో కొన్న వేరే ఉప్పు" అన్నాను.

"డిపోదే బాబూ" అంది సోములమ్మ. ఆమె మొహంలో నాకు దొంగతనం కనిపించలేదు, అదే నాకు మరీ కోపం తెప్పించింది.

ఆయన తన చుక్కమందుని అనుమానించారు. దాన్ని తీసుకుని మళ్లీ డిపోకి దిగారు. అక్కడ నీలం వచ్చింది. సెగని అనుమానించారు. మా పొయ్యి మీద పొట్లం కట్టించి వారం రోజులు రత్నాలు చేత పొగ పెట్టించారు. రంగు కాస్త వెలిసింది గానీ పూర్తిగా పోలేదు. అడ్డాకుని అనుమానించారు. ఆకులు ఉడకబెట్టారు. ఆ వాసనకి మా ఇంట్లో ఎవరం రెండు పూటలు భోజనం చెయ్యలేదు.

చివరికి సంత రోజున కొండకి వెళ్లే దారిలో గెడ్డ ఒడ్డున బండ మీద కూర్చున్నాం. కూర్చున్నది ఆయన, జలగలు పీక్కుంటున్నది నేను. డిపోలో ఉప్పు తీసుకుని ఆడవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. సోములమ్మ మమ్మల్ని చూసి నవ్వి, వెదురు బుట్టలో గల్లుప్పు పోసింది. బుట్టని గెడ్డలో ముంచి, ఒక్క ఊపు ఊపి గబుక్కున పైకి తీసింది. పక్కావిడా అంతే. ఆ వెనకావిడా అంతే.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారాయన, గొంతు తగ్గించి.

"ఉప్పు కడుగుతన్నాను బాబూ."

"ఉప్పెందుకు కడగడం?"

"మందు పోవాల గదా."

"ఏం మందు?"

ఆమె నా వైపు ఓరగా చూసింది. "ఇన్‌స్పెక్టరు బాబుకి తెలీదేటి? పిల్లలు పుట్టకుండా గవుర్మెంటోలు కలిపిన మందు."

అవి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజులు. ఎక్కడ చూసినా శిబిరాలే. జీపు చప్పుడు వింటే మగవాళ్లు కొండెక్కేసేవారు. అలాంటప్పుడు చవగ్గా ఉప్పు ఇస్తున్నారంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? అలాగని ఉప్పు లేకుండా అంబలి దిగదు. అందుకని మందు కడిగేసి ఉప్పు తింటున్నారు. గల్లు మీద పైపైన పట్టి ఉండే అయోడిన్ ఒక్క ముంచుకే గెడ్డలో కలిసిపోతోంది. డిపో ఉప్పు తింటున్నామన్న వాళ్ల మాటలో ఇసుమంత అబద్ధం లేదు.

సర్వేశ్వరరావు గారు నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. బండ మీంచి జారిపోయేంతగా నవ్వారు. "నేనైనా ఇదే చేసేవాణ్నయ్యా. అక్షరాలా ఇదే చేసేవాణ్ని" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

నవ్వు ఆగాక అసలు చిక్కు మొదలైంది. కడగొద్దంటే వినాలి కదా. ఆ సాయంత్రమే సుక్రు ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి, చుక్కమందు సీసా సోములమ్మ చేతికే ఇచ్చారు. కడిగిన ఉప్పు మీద ఆమే వేసింది, తెలుపు. కడగని ఉప్పు మీద ఆమే వేసింది, నీలం. పని అయిపోయిందని నేను చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

"సూసినావా మావా" అంది సోములమ్మ. "మందు ఉన్నాదని నాను సెప్పనేదా?"

పల్లె పల్లంతా తలూపింది. అనుమానం ఇన్నాళ్లూ మాటగానే ఉండేది, మేమెళ్లి నీలం రంగులో రుజువు చేసి పెట్టాం. నేను నెత్తి కొట్టుకున్నాను. ఆయన మాత్రం సోములమ్మ వంక మెచ్చుకోలుగా చూశారు.

"మందు ఉంది. అది గొంతు వాపుకీ, కడుపులో బిడ్డ చెవికీ మంచి చేసే మందు. పిల్లల్ని ఆపేది కాదు."

"అని నువ్వంటన్నావు" అన్నాడు సుక్రు.

"నిజమే. నేనంటున్నాను. నమ్మక్కర్లేదు. ఏం చూస్తే నమ్ముతారు?"

సుక్రు దండ సవరించుకున్నాడు. "ఈ ఉప్పు కడక్కుండా తిని కడుపొచ్చిన ఆడదాన్ని సూపించు."

సర్వేశ్వరరావు గారు మెల్లగా నా వైపు తిరిగారు. రత్నాలుకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. మా ఇంట్లో వాడేది ఆ డిపో ఉప్పే.

ఇంటికొచ్చి ఆయన చాలా మర్యాదగా, "అమ్మా రత్నాలూ, నీతో ఒక శాస్త్రీయమైన పని పడింది" అన్నారు. సంగతి విని ఆమె నా మీద పడింది.

"సంతలో నిలబెట్టి నన్ను సూపిత్తారేటండీ? నేను గేదెనా?"

"నేనన్నానా? ఆయనన్నారు."

"ఆయనంటే మీ నోరేటైంది?"

ఇరవై నిమిషాలు నన్ను చెరిగింది. సర్వేశ్వరరావు గారు తలవంచుకుని సోములమ్మ సంగతి, భీముడి సంగతి చెప్పుకొచ్చారు. రత్నాలు చీర కొంగు భుజం మీదకి లాక్కుంది.

"ఆ గుంటడు వాళ్లమ్మని ఒక్కసారి కూడా పిలవలేదా?"

"లేదమ్మా."

"సంతెప్పుడు?" అంది.

డుంబ్రిగుడ సంతలో, అల్లం బుట్టలకీ చింతపండు గుట్టలకీ మధ్య, మా ఆవిడ పీట వేసుకుని కూర్చుంది. డిపో బస్తాలోంచి పిడికెడు ఉప్పు తీసి, కడక్కుండా అంబలిలో వేసుకుని, అందరి ఎదుటా తాగింది. ముల్లిగెడ్డే కాదు, పక్క కొండలవాళ్లు కూడా మూగారు. సుక్రు ఎదురుగా గొంతుక్కూర్చుని విచారణ మొదలుపెట్టాడు.

"ఎప్పట్నించి తింటన్నావమ్మా ఈ ఉప్పు?"

"పెళ్లై ఈ కొండెక్కిన కాడ్నించీ."

"కడగవా?"

"ఉప్పు కడిగేంత తీరికుంటే ఈయన్ని కడుగుదును."

సంత సంతంతా నవ్వింది. నేను చింతపండు గుట్ట వెనక్కి తప్పుకున్నాను. సుక్రు మాత్రం నవ్వలేదు.

"ఒకపాలి తప్పి తగిలీసుండొచ్చు. రెండో కాన్పు సూడాల."

"చాలా సబబు" అన్నారు సర్వేశ్వరరావు గారు. "ఒక్కసారి చూసి నమ్మకూడదు."

అందరి కళ్లూ నన్ను వెతుక్కుంటూ చింతపండు గుట్ట వైపు తిరిగాయి. ఆ ఇద్దరు పెద్దమనుషులూ కలిసి నా సంసారాన్ని పరిశోధనకి రాసిచ్చేస్తుంటే అడిగేవాడు లేడు. అప్పుడు సోములమ్మ ముందుకొచ్చింది.

"మావా, రెండో కాన్పు దాకా నా కడుపులోది ఆగుద్దేటి?"

ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఇదెలాగూ వచ్చీసినాది. ఉప్పు దీన్ని ఆపనేదు. ఎనక ఇంకోటి పుట్టకపోతే మానీ. ఇదొక్కటి నన్ను అమ్మా అంటే నాకు సాలు."

సుక్రు ఆమెనీ, ఆమె చంకలో ఉన్న భీముణ్నీ చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగాడు. "మట్టిబాబూ, నువ్వు పూచీ ఉంటావా?"

ఆయన మొహం నలిగిపోయింది. ఆ మనిషికి "ఉంటాను" అనడం చేతకాదు. "పూచీ ఉండలేను సుక్రూ. తెలియనిది తెలుసనలేను. ఒకటి చేస్తాను. ఈ బిడ్డ పుట్టేదాకా కొండ దిగను. సోములమ్మ ఏ ఉప్పు తింటే ఆ పొట్లంలోదే నేనూ తింటాను."

సుక్రు తల పంకించి, బుట్టలో ఉప్పు పోయించుకున్నాడు. దారిలో గెడ్డ వచ్చింది. ఆడవాళ్లంతా ఒడ్డున ఆగి నిలబడిపోయారు. సోములమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఆగకుండా దాటేసింది. కాస్త తటపటాయించి మిగిలినవాళ్లూ దాటారు.

అన్నమాట ప్రకారం ఆయన ముల్లిగెడ్డలోనే మకాం పెట్టారు. సంత సంతకీ ఇల్లిల్లూ తిరిగి చుక్క వేసేవారు. పొయ్యి సెగకి రంగు వెలుస్తోందని బెంగ పెట్టుకుని, ఒకరోజు ట్రంకు పెట్టె విప్పి, ఎవరినీ ముట్టనివ్వని ఆ గాజుసీసాలు ఇంటికొకటి పంచేశారు. ఉప్పు బిరడా సీసాల్లోకెక్కింది. మట్టి నమూనాలు అడ్డాకు పొట్లాల్లో పరీక్షకి వెళ్లాయి. అక్కణ్నించి ఇదేం పద్ధతని తాఖీదు వస్తే, "ఆకు నాణ్యతని అనుమానిస్తున్నాం, పరిశీలనలో ఉంది" అని జవాబు రాయించారు.

వానలు వెళ్లాక పై ఆఫీసరు మళ్లీ వచ్చారు. సర్వేశ్వరరావు గారు ఆయన్ని ముల్లిగెడ్డ ఎక్కించి, ఏ ఇంటి ఉప్పు మీద కావాలంటే ఆ ఇంటి ఉప్పు మీద చుక్క వేసుకోమన్నారు. అన్నీ నీలమే. "మరి ఇన్నాళ్లూ ఏమైంది?" అని ఆఫీసరు గద్దించారు. "ఉప్పులో ఏముందో మనం వీళ్లకి చెప్పలేదండి. వాళ్లకి తోచింది వాళ్లు అనుకున్నారు" అన్నారాయన. డిపో ఉప్పు ఆగలేదు.

మాకు మగపిల్లాడు పుట్టాడు. సోములమ్మకి ఆడపిల్ల పుట్టింది, కనక అని పేరు పెట్టారు. పుట్టగానే ఏడ్చింది గానీ భీముడూ అలాగే ఏడ్చాడని వాళ్ల బెంగ. పిల్ల కూర్చునే వయసు వచ్చాక చెవి చూద్దామని డాక్టరు అన్నారు. బిడ్డ పుట్టేదాకానే ఉంటానన్న మనిషి అప్పటిదాకా సెలవు మీద సెలవు పెట్టి అక్కడే ఉన్నారు.

ఆ రోజు నేనూ వెళ్లాను. కనక అరుగు మీద చోడి గింజలతో ఆడుకుంటోంది. ఆయన చప్పుడు కాకుండా వెనక్కి వెళ్లి చప్పట్లు కొట్టారు. పిల్ల తిరిగి చూసింది. సోములమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గాలి తగిలి ఉండొచ్చు" అన్నారాయన. ఎడం పక్కకి వెళ్లి కొట్టారు. తిరిగింది. "నీడ పడి ఉండొచ్చు." గోడ చాటుకి వెళ్లి కొట్టారు. తిరిగింది. సుక్రు కూడా తృప్తి పడక, "ఇంకొక్కపాలి" అని లోపల్నించి కంచు పళ్లెం తెచ్చిచ్చాడు. ఆయన దాన్ని కర్రతో మోగించారు. ఈ చెవి వైపు, ఆ చెవి వైపు, దూరం నుంచి, దగ్గర నుంచి. పిల్ల మొదట నవ్వింది. తర్వాత చూసింది. తర్వాత విసుక్కుంది.

"ఇక సాలు బాబూ" అంది సోములమ్మ, నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో. "నీ మోతకే గుంటకి సెవుడొచ్చీగలదు."

"ఇంకొక్కసారి" అని ఆయన పళ్లెం ఎత్తారో లేదో, కనక తల్లి వైపు చేతులు చాచి "అమ్మా" అని కొండ కొండంతా ప్రతిధ్వనించేలా ఏడుపు లంకించుకుంది. భీముడు చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి, ఆ అదురుకి కిలకిల నవ్వుతున్నాడు. సోములమ్మ పిల్లని ఎత్తుకుని, ఊరుకోబెట్టడం మానేసి అలాగే వింటూ నిలబడింది.

సర్వేశ్వరరావు గారు పళ్లెం కింద పెట్టి నా దగ్గరకొచ్చారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"జగన్నాథం, ఆ పిల్ల ఏదో అంది. నీకూ వినిపించిందా?"

"వినిపించిందండీ."

"ఏమంది?"

"అమ్మా అందండీ."

"సరిగ్గా విను."

ఇద్దరం నిలబడి విన్నాం. అది ఇంకా అరుస్తూనే ఉంది.